నడిమితెప్ప మీద ఒక మాట

ఆశ్వయుజ శుద్ధ తదియ

తెల్లవారుతూనే పడమటి గిరక కీచుమని నన్ను నిద్ర లేపింది. కొత్తలంక వాళ్ళు మోకులు బిగిస్తున్నారు. ప్రతి ఉదయం జరిగే తంతే ఇది. కాని డెబ్బయ్యేడేళ్ళ మనిషి తలగడకు ఇంత దగ్గరగా జరగవలసిన తంతు కాదు. లేచి, తొట్టెలోని నాచుకు నీళ్ళు మార్చి, వేయించిన జొన్నల కషాయం కాచుకుని, తూర్పు తలుపు తెరిచాను.

ఈ ఇంటికి రెండు తలుపులు. పడమటి తలుపు తీస్తే కొత్తలంక. గోదావరి మూతి దగ్గరి ఊళ్ళు మునిగాక మావాళ్ళు కట్టుకున్న తేలే పట్నం. తూర్పు తలుపు తీస్తే నోవా బెయిరా. ఆఫ్రికా తూర్పు తీరం మునిగాక పోర్చుగీసు మాట్లాడే జనం కట్టుకున్నది. మా దగ్గర విత్తనాలున్నాయి, వాళ్ళ దగ్గర ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఉంది. అందుచేత రెండు ఊళ్ళూ నడిసముద్రంలో ఆగి, మధ్య ఒక తెప్ప వేసుకుని, దాని కిందుగా ఈ ఊరి నుంచి ఆ ఊరికి లావు మోకులు వేసి చెరొక పక్కా కట్టుకున్నాయి. ఆ నడిమితెప్ప మీద ఉన్న ఒకే ఒక ఇల్లు నాది. ఏదో ఒక ఊళ్ళో ఉంటే ఆ ఊరివాళ్ళు వచ్చి మందు వేసుకున్నావా, తిన్నావా అని అడుగుతారు. ఆ బాధ లేకుండా ఇక్కడ ఉంటున్నాను.

ఈ రోజు కొత్త పని మొదలైంది. రెండు ఊళ్ళ మధ్య మాటలు మధ్యవాణి మోస్తుంది. చెవిలో పెట్టుకునే ఆ గింజ మన తెలుగును ముందు ఇంగ్లీషు చేసి, ఆ ఇంగ్లీషును పోర్చుగీసు చేస్తుంది. ఆ నడిమి ఇంగ్లీషులో ‘హోల్డ్’ అనే చిన్న మాట ఉంది. చేత పట్టుకోవడమూ అదే, ఓర్చుకోవడమూ అదే, పాత్రలో సరిపోవడమూ అదే, ఆగమనడమూ అదే, సభ జరపడమూ అదే, చివరికి ఓడ అడుగున సరుకు వేసే గదీ అదే. ఉమ్మడి సభలో ఇటీవలి తగాదాలన్నీ ఈ మాట వల్లనే పుడుతున్నాయని ఇరువైపుల పెద్దలూ నమ్మారు. కాలేజీలో ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషిని గనుక దాని అర్థాలు విడదీసి, ఒక్కోదానికి తగిన పోర్చుగీసు మాట జతచేసే పని నాకు అప్పగించారు. అవతలి నుంచి దోనా ఇడలీనాను పంపారు. ఆమె పూర్వం బడులు తనిఖీ చేసే అధికారిణి. ఇప్పటికీ మనిషిని చూసే ముందు గోడకు బూజు ఉందా అని చూస్తుంది.

సాయంత్రం తూర్పు గిరక మోగింది. నోవా బెయిరా వాళ్ళు పడవలు పైకి లాక్కుంటున్నారు కాబోలు. పొద్దున ఒకరు, పొద్దుగూకే వేళ ఒకరు. ఈ రెండు ఊళ్ళకూ చప్పుడు చేయడంలో ఉన్న ఐకమత్యం మరెందులోనూ లేదు.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

మధ్యవాణికి ఒక అర్థం నేర్పాలంటే ఇక్కడ ఒక పద్ధతి ఉంది. దాన్ని చేతిసాక్ష్యం అంటారు. చెరొక ఊరి మనిషీ కలిసి ఆ పని చేసి చూపాలి; చేస్తూ ఎవరి మాట వాళ్ళు పలకాలి. చేయకుండా చెప్పిన అర్థాన్ని రెండు ఊళ్ళూ ఒప్పుకోవు. నిఘంటువులతో పెరిగిన నాకు మొదట ఇది పిల్లల ఆటలా తోచేది. ఇప్పుడు దీన్ని నేనే గట్టిగా పాటిస్తాను.

ఉదయం ఇద్దరం ఒక బిందెను చెరొక చెవీ పట్టి ఎత్తాం. ఆమె ‘సెగురార్’ అంది. అదే బిందెలో ఎంత జొన్న పడుతుందో పోసి చూశాం. ఆమె ‘కబేర్’ అంది. తరువాత ఊపిరి బిగబట్టాలి. వాళ్ళ మాట ‘ప్రెందేర్’. ఇద్దరం ముక్కులు మూసుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. ముందు వదిలితే ఓడినట్టని ఎవరూ చెప్పలేదు. అయినా ఇద్దరి ముఖాలూ ఎర్రబడేదాకా ఎవరం వదల్లేదు.

ఆమె మాట మధ్యవాణి ద్వారా వచ్చేటప్పుడు పాతకాలపు రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది. “భవతి యొక్క శ్వాసకోశములు ప్రశంసనీయములు, ప్రొఫెసోరా,” అని వినిపించింది. గింజ తీసేసి ఆమె గొంతు విన్నాను. అందులో ప్రశంస ఏమీ లేదు.

ఆమె వెళ్ళేటప్పుడు మంచినీళ్ళకని నేనూ వెంట బయల్దేరాను. తెప్పనూ ఊరినీ కలిపే నడకబల్ల దాటబోతూ ఆమె చేయి చాచింది. అది ఆమె అలవాటు. నేను తూర్పుకు వెళ్ళినా ఆమె ఇటు వచ్చినా, బల్ల దగ్గర చేయి చాస్తుంది. ఎప్పటిలాగే చూడనట్టు నడిచాను. ‘హోల్డ్’ అర్థాల్లో చేయి పట్టుకోవడం కూడా ఒకటుంది. దాన్ని ఆఖరుకు నెట్టాను.

మధ్యాహ్నం కాళ్ళ కింద ఏదో తెగిన చప్పుడు. నేల ఒక్కసారి అదిరింది. చూరుకు వేలాడదీసిన గరిటెలు ఒకదానికొకటి తగిలి, చాలాసేపు ఊగాయి. బయటికి వెళ్ళి చూస్తే పడమటి మోకులో ఒక పురి తెగి, ముళ్ళపందిలా పోగులు విచ్చుకుని ఉంది.

ఆశ్వయుజ శుద్ధ సప్తమి

మా తమ్ముడి కొడుకు రత్నాజీ వచ్చాడు. కొత్తలంక సభకు ఇప్పుడు వాడే పెద్ద. లోపలికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడంటే చెడ్డ కబురే.

“మోకులు అరిగిపోయాయత్తా. రెండేపులా అంతే. పెద్ద పోటు వచ్చిందంటే తెగుద్ది. తెగితే ఊరికే తెగదు; కొరడాలాగ కొట్టేత్తది. ఇళ్ళు పోతాయ్.”

“అయితే?”

“పౌర్ణమి వెళ్ళిన విదియనాడు మేమే విప్పేద్దావనుకుంటున్నాం. వాళ్ళూ సరే అన్నారు. నీళ్ళు పీపాల్లో నింపుకుంటాం, విత్తనాలు వాళ్ళకిచ్చేత్తాం. ఎవరి దారి వాళ్ళదే.” కొంచెం ఆగి, “నడిమితెప్ప విప్పదీసి కలప పంచుకోవాలి. నువ్వు సామాను సర్దుకో. మా వెనకగది ఖాళీ చేయించాను,” అన్నాడు.

ఆ వెనకగదిని నేను ఎరుగుదును. గాలి రాదు, తలుపుకు లోపలి గొళ్ళెం లేదు. వాడి భార్య మంచిది, మాట మాటకూ ‘మీకెందుకు శ్రమ’ అంటుంది. అలా అనిపించుకుంటూ మూడు నెలలు ఉంటే నేను నడవడం మరచిపోతాను.

కొత్త మోకులు పేనలేమా అని అడిగాను. పాత వలల నార పోగుచేసి పేనడానికి ఏడాది పడుతుందట. ఈ గాలికాలం గడిచేదాకా ఉన్నవి నిలవవట. ఇంత త్వరగా ఎందుకు అరిగాయంటే, అవతలివాళ్ళు చెప్పినట్టు చేయరని వాడి అనుమానం. పోయిన సభలో పట్టి ఉంచండని మనం అంటే ఆగి ఉండండని వాళ్ళకు వినిపించిందట. అంతా ఆ దిక్కుమాలిన ఇంగ్లీషు మాట వల్లనే అన్నాడు.

మాటను నేను బాగుచేస్తాను, నువ్వు మోకును ఆపు అన్నాను. వాడు నవ్వాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పలేక నవ్విన నవ్వే అది.

ఆశ్వయుజ శుద్ధ అష్టమి

కాలు ఒకచోట నిలవడం లేదు. పడమటి తలుపు నుంచి తూర్పు తలుపుకు, అక్కడినుంచి మళ్ళీ ఇటు. నాచు తొట్టె కడిగాను. కడిగినదాన్నే మళ్ళీ కడిగాను. పుస్తకం తెరిచి ఒకే వాక్యం మీద చాలాసేపు ఉండి మూసేశాను. నేల కింద మోకు మూలుగుతోంది, తీగ బిగించిన వాద్యంలాగ. అది తెగే రోజును నా చెవులు ముందే వింటున్నట్టుంది.

‘ఆగ్వెంతార్’ దగ్గర మేమిద్దరం వాదులాడుకున్నాం. ఓర్చుకోవడం, తట్టుకుని నిలవడం అని దాని అర్థం. దాన్ని చేసి చూపడం ఎలాగ? ఇడలీనా తన మోకాలి నొప్పిని చూపిస్తానంది. నొప్పి ఒకరిదే అయితే ఉమ్మడి సాక్ష్యం కాదన్నాను. “అట్లయిన భవతి నాకు లభించినది చాలును, అదియే నా ఓర్పు,” అంది మధ్యవాణి. ఈసారి గింజ తీయకుండానే ఆమె ఉద్దేశం అర్థమైంది.

మన తెలుగులో ఓపిక పడతాం, పంతం పడతాం, గిన్నె శేరు పడుతుంది, ఊపిరి పడతాం. ఒక్క ‘పట్టు’ ఇన్ని పనులు చేస్తున్నప్పుడు, ఈ రెండు ఊళ్ళ మధ్యకు మూడో భాష ఎందుకు వచ్చిందని నాకు ఉక్రోషం. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె తల ఊపింది. మా ఇద్దరి మధ్య మొదటి ఏకాభిప్రాయం ఇంగ్లీషు మీద కోపమే.

ఆశ్వయుజ శుద్ధ దశమి

జరిగింది జరిగినట్టు రాయాలి.

‘ఆగ్వెంతార్’కు సాక్ష్యంగా తెగిపోయిన పురి ముక్కను తెచ్చాను. ఇద్దరం చెరొక కొసా పట్టుకుని నిలబడి, అది ఎంత తట్టుకుంటుందో చూపుదామని నా ఆలోచన. ఆమె లాగింది. నేను లాగాను. ఆమె కాలు దన్ను పెట్టి లాగింది. నేనూ పెట్టాను. తెప్ప అలకు ఒక్క జానెడు లేచిందో లేదో, మా చేతుల్లో పురి పుటుక్కున తెగింది. వేర్వేరు గోడల దగ్గర, ఇద్దరమూ గౌరవానికి తగని భంగిమల్లో కూలబడ్డాం.

తరువాత ఆమె లేచి, అదే పురిలోంచి ఇంకో ముక్క తెచ్చింది. అలసిపోయి ఉన్నాం గనుక ఈసారి ఇద్దరం కూర్చునే పట్టుకున్నాం. మధ్యలో తాడు పొట్టలా వేలాడుతోంది. అల మీద అల వచ్చింది. తాడు సాగుతూ, వేలాడుతూ, అలాగే ఉంది. ఆమె దాన్నే చూస్తూ ‘ఫోల్గ’ అంది. తాడులో వదులుకు వాళ్ళ మాట అది. పనికి సెలవు దొరికినా అదే మాటట.

అప్పుడే తూర్పు గిరక మోగింది. మీ పడవలు మా చెవులు తూట్లు పొడుస్తున్నాయి అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది. చెవిలోని గింజ తీసేసి, తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలతోనే అంది:

“పడవ కాదమ్మా. తాడు. మేము బిగిస్తాం. రోజూ. మీకు కష్టం వద్దు అని.”

“పొద్దున మేం బిగిస్తున్నాం కదా,” అన్నాను.

“అది చేపల వల గిరక కదా?”

“కాదు. అదీ తాడే.”

తరువాత అంతా బయటపడింది. నడిసముద్రంలో కలిసినప్పుడు కొత్తలంక వాళ్ళు, వచ్చినవాళ్ళు చుట్టాలు, చుట్టాల చేత మోకు బిగింపిస్తామా అనుకున్నారు. నోవా బెయిరా వాళ్ళు, మమ్మల్ని చేర్చుకున్నారు, ఈ మాత్రం బరువు మేం మోయకపోతే ఎలాగ అనుకున్నారు. చేసిన ఉపకారం చెప్పుకుంటే చిన్నతనమని మావాళ్ళు చెప్పలేదు. వాళ్ళలోనూ అదే మర్యాద గనుక వాళ్ళూ చెప్పలేదు. వలనార మోకు బిగిస్తే సాగుతుంది. సాగిందని పొద్దున మేం బిగించాం, సాగిందని సాయంత్రం వాళ్ళు బిగించారు. మూడేళ్ళుగా దానికి ఒక్క వేలి వదులు లేదు. ప్రతి అల ఆ నారను కొరికింది.

ఏ మాటా తప్పు అనువాదం కాలేదు. అసలు ఎవరూ మాటే అనలేదు. నోటితో అన్నదాన్నే మధ్యవాణి మోస్తుంది.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

ఉమ్మడి సభలో చెప్పాను. మొదట ఎవరూ నమ్మలేదు. తరువాత అందరూ సిగ్గుపడ్డారు. మూడో దశలో ఎవరి మర్యాద ఎక్కువదో అనే వాదన మొదలైంది. దాన్ని ఇడలీనా బల్ల చరిచి ఆపింది.

వదులు చేసి చూద్దామన్నాను. మధ్యలో పాత వలల మూటలు వేలాడదీస్తే ఊళ్ళు తెప్పను గుద్దినా దెబ్బ మూటల మీద పడుతుంది. రత్నాజీకి నమ్మకం కుదరలేదు. గాలికాలంలో మోకు వదలడం అంటే నడిచే బండి చక్రం చీల ఊడదీయడమేనని వాడి బెంగ. చివరకు ఒప్పుకున్నారు. పౌర్ణమి పోటు రోజున పరీక్ష. అది నిలిస్తే విప్పరు. నిలవకపోతే విదియనాడు గొడ్డలి. అయితే ఆ రోజు నా ఇల్లు ఖాళీ చేయాలని షరతు.

చేయనన్నాను.

“అత్తా, అది నలిగిపోద్ది. నిన్ను లోపల పెట్టుకుని ఎలా వదులుతాం?”

“ఖాళీ ఇల్లు నిలిస్తే ఏం తెలుస్తుందిరా? మనిషి ఉండగలిగితేనే కదా అది ఇల్లు. నువ్వు గిరక దగ్గర ఉండు. నేను నా ఇంట్లో ఉంటాను.”

“మొండిదానివి.”

“మీ నాన్నకూ ఇదే చెప్పాను, వాడూ ఇదే అన్నాడు. కూర్చో, కషాయం తాగు.”

వాడు కూర్చోలేదు. కానీ కషాయం తాగాడు.

ఆశ్వయుజ పౌర్ణమి

పొద్దు ఎక్కాక రెండు గిరకలూ ఒకేసారి తిరిగాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి, అదీ వెనక్కు. నేల కింది మూలుగు తగ్గుతూ తగ్గుతూ ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. పళ్ళు ఊడిన నోటిలా ఉంది.

తూర్పు తలుపు తోసుకుని ఇడలీనా వచ్చింది. చంకలో గిన్నె, భుజాన దుప్పటి. చేతిసాక్ష్యానికి ఇద్దరు కావాలి, ఒక్కదానివే సాక్ష్యం చెబితే నేను ఒప్పుకోను అన్నది ఆమె చెప్పిన కారణం. పిలవని పేరంటానికి వచ్చారన్నాను. గిన్నెలో చేపకూర ఉందంది. ఉంచమన్నాను.

మధ్యాహ్నానికి పోటు వచ్చింది. ఇన్నాళ్ళూ ఇల్లు అదిరేది; ఈ రోజు ఊగింది. బిందె ఈ గోడ నుంచి ఆ గోడకు దొర్లింది. అలమర నుంచి పింగాణీ పళ్ళేలు ఒక్కొక్కటిగా జారి పగిలాయి. వాటిలో మా అమ్మది ఒకటి. కొత్తలంక వచ్చి పడమటి మూటలను గుద్దింది; ఇల్లు కిర్రుమంది. నోవా బెయిరా వచ్చి తూర్పు మూటలను గుద్దింది. చూరులోంచి దుమ్ము రాలింది. మేమిద్దరం మంచం కోడును చెరొక పక్కా పట్టుకుని నేల మీద కూర్చున్నాం. ఆమె ప్రార్థించింది. నేను మోకు తెగే చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉన్నాను. భయపడ్డానని రాయను. నోరు ఎండిపోయిందని రాస్తాను.

పొద్దు వాలేసరికి పోటు తగ్గింది. బయట రత్నాజీ గొంతు, పిచ్చివాడిలా: “అత్తా, అత్తా.” పడమటి తలుపు ఒరుసుకుపోయి రావడం లేదు. కిటికీలోంచి మోకు చూశాను. అది నీళ్ళను తాకి లేస్తూ, మళ్ళీ తాకి లేస్తూ, తన పని తాను చేసుకుంటోంది. ఒక్క పోగు కొత్తగా తెగలేదు.

“బ్రతికే ఉన్నాను. అరవకు. తలుపుకు చిత్రిక పట్టే మనిషిని పంపు,” అన్నాను.

ఆశ్వయుజ బహుళ విదియ

గొడ్డలి దించవలసిన రోజు. ఎవరూ రాలేదు. ఇక మీదట రెండు గిరకల దగ్గరా చెరొక ఊరి మనిషీ కలిసి నిలబడాలనీ, వారానికొక్కసారే ముట్టుకోవాలనీ, ముట్టుకున్నది అవతలివాళ్ళకు నోటితో చెప్పాలనీ సభ తీర్మానించింది. చెప్పుకోవడం మావాళ్ళకు ఇంకా సిగ్గుగానే ఉంది. నిన్న ఒకడు “ఏదో కొంచెం, అలా ముట్టుకున్నావండీ, అంతే,” అని దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పాడు.

ఇల్లు నాదే. రెండు తలుపులూ పనిచేస్తున్నాయి. అయితే ఒక సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

మోకు వదులైతే తెప్ప ఊగుతుంది. తెప్ప ఊగితే బల్లలు ఊగుతాయి. ఉదయం మంచినీళ్ళకని తూర్పు బల్ల మీద కాలు పెట్టాను. అది పాములా పక్కకు జరిగింది. వెనక్కు వచ్చాను. గోడకు తాడు కట్టి దాన్ని పట్టుకుని ప్రయత్నించాను. తాడు ఒకవైపు, నేను ఒకవైపు, బిందె సముద్రంలోకి. పడమటి బల్లా అంతే. నా ఇంటిని నిలబెట్టింది నేను చెప్పిన ఆ వదులే. ఆ వదులు ఉన్నన్నాళ్ళూ ఈ వయసులో ఒంటరిగా బల్ల దాటలేను. ఎంతసేపు ఆలోచించినా ఈ రెండు వాక్యాలూ విడిపోలేదు.

ఎప్పటి వేళకే ఇడలీనా అవతలి కొసన కనబడింది. బిందె సంగతి చూసే ఉంటుంది. మోకాలి నొప్పితో రెండడుగులు బల్ల మీదికి వచ్చి, నిలదొక్కుకుని, ఎప్పటిలాగే చేయి చాచింది.

నేను పట్టుకున్నాను. ఎముకల చేయి, ఇంత వెచ్చగా ఉంటుందనుకోలేదు. ఇద్దరం ఊగుతూ, తిట్టుకుంటూ, అవతలికి చేరాం.

“గుర్తుంచుకోండి, దోనా ఇడలీనా. నేను అడగలేదు. మీరు చాచారు గనుక పట్టుకున్నాను.”

ఆమె చెవిలోని గింజ తీసింది. “మా మాటలో పట్టుకోవడం లేదు,” అంది. “దార్ ఆ మావ్. చేయి ఇవ్వడం. నేను ఇచ్చాను, నువ్వు ఇచ్చావు. ఎవరూ పట్టుకోలేదు.”

మా భాషలో చెయ్యివ్వడం అంటే నడిమధ్యలో ముంచేయడం అని చెప్పబోయి, ఊరుకున్నాను. తిరుగు ప్రయాణం ఇంకా ఉంది.

‘హోల్డ్’ ఆఖరి అర్థానికి చేతిసాక్ష్యం పూర్తయింది. సాక్షులు: ఇడలీనా, నోవా బెయిరా, పెమ్మాడి హైమవతి, నడిమితెప్ప. రేపు ఉదయం నీళ్ళకు వెళ్ళాలి. ఆమె వేళకు వస్తానంది.